దవడ పన్నుకి తెల్ల ఫిల్లింగ్ నిలుస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఎడమ వైపు కింది దవడలో రెండు పళ్ల సందున ఆరు నెలలుగా మెతుకులు, కూరలో పీచు ఇరుక్కుంటున్నాయి. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది, కాసేపటికి తగ్గిపోతుంది. బాగా ఇబ్బందిగా ఉన్నప్పుడు లవంగ నూనెలో దూది ముంచి పెట్టుకుంటున్నాను. ఎక్స్‌రే తీశారు. పళ్ల మధ్య ఒక పన్ను పుచ్చిందని, నరం దాకా పోలేదని చెప్పారు. ఒక డాక్టర్ సిల్వర్ పెడతాను, 600 అన్నారు. ఇంకో చోట మేం సిల్వర్ మానేశాం, తెల్లదే పెడతాం, 1800 అన్నారు. అంతటితో ఆగకుండా కుడి వైపు పదిహేనేళ్ల కిందట పెట్టించుకున్న రెండు సిల్వర్ ఫిల్లింగులు కూడా తీయించేయమన్నారు, వాటిలో పాదరసం ఉంటుందట. మా చెల్లెలు హైదరాబాద్‌లో తెల్లది పెట్టించుకుని నెల దాటింది, ఇప్పటికీ ఆ పక్కన నమలలేకపోతోంది. అది చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం, నా పళ్ల మీద గోధుమ రంగు చారలు కూడా ఉన్నాయి. మా అత్తమ్మ అయితే పురుగు తీయించుకొమ్మంటోంది. నమిలే పంటికి తెల్లది ఆగుతుందా? నన్నేం చేయమంటారు?

సమాధానం: టీచర్ గారూ, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క 'కాసేపటికి తగ్గిపోతుంది' అన్నది. చల్లది తగిలినప్పుడు జివ్వుమని, నీళ్లు మింగేశాక కొన్ని సెకన్లలో ఆగిపోతోందంటే లోపలి నరం బాగానే ఉందన్నమాట. పుచ్చు తీసి నింపితే సరిపోతుంది. అదే అర నిమిషం దాటినా సలుపుతూనే ఉన్నా, వేడి టీకి నొప్పి లేచినా, రాత్రి పడుకున్నాక ఏమీ తగలకుండానే పోటు మొదలైనా మనం ఇప్పుడు ఫిల్లింగ్ రంగు గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు, రూట్ కెనాల్ గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పటికే ఆరు నెలలు గడిపారు. నెల లోపు పని పూర్తి చేసుకోండి.

అత్తమ్మ గారి సంగతి ముందు చూద్దాం. వాకుడు గింజల పొగ పట్టించి పంటి పురుగు తీస్తామనేవాళ్లు మా ఊరి సంతలో కూడా ఉండేవారు. పంట్లో పురుగు ఉండదు. పాచిలో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం పన్నును కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పొగ పెట్టినంత మాత్రాన కరిగిపోయిన గుంట పూడదు. పెద్దావిడతో వాదన ఎందుకు గానీ, ఫిల్లింగ్ అయ్యాక 'తీయించుకొచ్చాను అత్తమ్మా' అనేయండి, ఒకరకంగా అబద్ధం కూడా కాదు.

ఇక అసలు జవాబు. తెల్లదే పెట్టించుకోండి, కానీ పని జరుగుతున్నంతసేపూ పన్ను తడవకుండా చూసే డాక్టర్ దగ్గర, ఒక్క పన్నుకు ముప్పావుగంట కేటాయించే డాక్టర్ దగ్గర పెట్టించుకోండి. ఆ రెండూ దొరకని చోట అయితే 600 రూపాయల సిల్వరే మీకు ఎక్కువ కాలం ఆగుతుంది. ఇది తెల్లది పెట్టే డాక్టర్‌నే చెబుతున్నాను.

ఎందుకో చెప్పాలంటే ఈ తెల్లది ఏమిటో తెలియాలి. అందరం 'సిమెంట్ పెట్టారు' అంటాం గానీ ఇది సిమెంట్ కాదు, కాంపోజిట్ అంటారు. అంటే ఒక రకం రెజిన్‌లో, జిగురులాంటి ప్లాస్టిక్ అనుకోండి, సన్నటి గాజు పొడి కలిపిన ముద్ద. అమెరికాలో రాఫెల్ బోవెన్ అనే ఆయన తయారుచేసిన రెజిన్‌కు 1962లో పేటెంట్ వచ్చింది, ఇప్పటికీ చాలా బ్రాండ్లలో దాని కుటుంబమే ఉంది. అంతకంటే ముందు, 1955లో మైకేల్ బ్యువోనొకోర్ అనే ఇంకొకాయన పంటి పింగాణి పొర మీద ఫాస్ఫారిక్ ఆమ్లం రాసి కడిగితే అది కంటికి కనిపించనంత గరుకుగా మారుతుందనీ, దాని మీద రెజిన్ గట్టిగా పట్టుకుంటుందనీ చూపించాడు. ఇవాళ మేం చేసే తెల్ల ఫిల్లింగ్ మొత్తం ఆ చిన్న కిటుకు మీదే నిలబడి ఉంది.

సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేయడం మీరు చూసే ఉంటారు. ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతాడు, తడి లేకుండా తుడుస్తాడు, సొల్యూషన్ రాస్తాడు, కాస్త ఆరనిస్తాడు, అప్పుడు ప్యాచ్ అంటించి నొక్కుతాడు. మేం చేసేదీ అచ్చంగా అదే. పుచ్చు తీశాక ఆమ్లం రాసి గరుకు చేస్తాం, కడిగి తడి పోగొడతాం, బాండింగ్ అనే సొల్యూషన్ రాసి గాలి కొడతాం, నీలం లైట్ వేస్తాం, అప్పుడు ముద్ద పెడతాం. రుద్దిన చోట ఒక్క నీటి చుక్క పడినా పంక్చర్ అబ్బాయి మళ్లీ మొదటి నుంచి చేస్తాడు, ఎందుకంటే వానాకాలంలో తొందరపడి వేసిన ప్యాచ్ ఊరు దాటకుండానే లేస్తుందని వాడికి తెలుసు. నోరు అంటే ఏడాది పొడవునా వానాకాలమే. కింది దవడలో, నాలుక పక్కన, లాలాజలం ఊరే గ్రంథుల దగ్గర ఉన్న పన్నును ముప్పావుగంట సేపు పొడిగా ఉంచడమే ఈ పనిలో కష్టమంతా.

సిల్వర్‌కి ఈ గొడవ లేదు. అది పన్నుకు అతుక్కోదు. కుండలాగా మూతి ఇరుకు, కడుపు వెడల్పు ఉండేలా గుంట తవ్వి అందులో దట్టిస్తే గట్టిపడి బయటికి రాకుండా కూర్చుంటుంది. కొంచెం తడి తగిలినా సర్దుకుపోతుంది. అందుకే మన సర్కారు దవాఖానాల్లో రోజుకు యాభై మందిని చూడాల్సిన చోట అది ఇన్నాళ్లు రాజ్యమేలింది. దాని లోటేమిటంటే ఆ కుండ ఆకారం కోసం బాగున్న పన్నును కూడా కొంత చెక్కాలి, పెద్ద సిల్వర్ చుట్టూ మిగిలిన పలుచటి గోడలు కొన్నేళ్లకు చిట్లే అవకాశం ఉంటుంది. తెల్లదానికి పుచ్చినంత మేరకే తీస్తే చాలు. చిన్న, ఓ మోస్తరు పుచ్చులకు నేను తెల్లదాని వైపు మొగ్గేది అందం చూసి కాదు, పన్ను మిగులుతుందని.

నిలుస్తుందా అని సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. కోక్రేన్ అని వైద్య పరీక్షలన్నిటినీ కూర్చి చూసే అంతర్జాతీయ సంస్థ ఉంది. 2021లో వాళ్లు వెనక పళ్ల ఫిల్లింగుల లెక్క తీస్తే తెల్లవి పాడయ్యే అవకాశం సిల్వర్ కంటే దాదాపు రెట్టింపు అని వచ్చింది, ముఖ్యంగా ఫిల్లింగ్ అంచున మళ్లీ పుచ్చు పట్టడం వల్ల. కంగారు పడకండి. ఆ లెక్కకు ఆధారమైన రెండు పెద్ద పరీక్షలూ పిల్లల మీద చేసినవి. పెద్దవాళ్లలో, శ్రద్ధగా చేసినవాటిని ఏళ్ల తరబడి గమనించిన చోట ఏడాదికి నూటికి రెండు మూడు మాత్రమే చెడిపోయాయి, అంటే పదేళ్ల తర్వాత కూడా ఎక్కువ భాగం నోట్లోనే ఉన్నాయి. ఒకే వస్తువుకి ఇంత తేడా ఎక్కడ వస్తోందంటే పుచ్చు ఎంత పెద్దది, నోరు ఎంత శుభ్రంగా ఉంది, చేసిన చెయ్యి ఎంత ఓపికగా చేసింది అన్న మూడింటి దగ్గరే వస్తోంది. రోజుకు ఐదు చక్కెర టీలు తాగేవాళ్ల నోట్లో నేను ఎంత గొప్పగా పెట్టినా అంచున పుచ్చు పట్టి తీరుతుంది. టీచర్లు కదా, స్టాఫ్ రూమ్ టీల లెక్క ఒకసారి చూసుకోండి.

నా సంగతే ఒకటి చెబుతాను. క్లినిక్ పెట్టిన కొత్తలో ఒకాయనకి అచ్చంగా మీలాంటి పుచ్చే, కింది దవడలో, రెండు పళ్ల సందున. సాయంత్రం ఏడయింది, బయట నలుగురు కూర్చున్నారు, అసిస్టెంట్ సెలవు. దూది చుట్టలు పెట్టి ఇరవై నిమిషాల్లో ముగించేశాను. మధ్యలో చిగురు నుంచి కాస్త రక్తం చెమ్మ వచ్చింది, తుడిచి, మళ్లీ ఆమ్లం రాయకుండా ముద్ద పెట్టేశాను. చూడ్డానికి పన్ను ముత్యంలా వచ్చింది. ఆయనా మెచ్చుకున్నాడు, నేనూ ఫోటో తీసుకున్నాను. ఏడాది తిరక్కుండా పోటుతో వచ్చాడు, ఎక్స్‌రేలో ఫిల్లింగ్ అడుగున, సరిగ్గా ఆ చెమ్మ వచ్చిన మూలన, నల్లటి నీడ. రూట్ కెనాల్ దాకా పోయింది. డబ్బు తీసుకోలేదు గానీ ఆయన పన్ను నేను వెనక్కి ఇవ్వలేను కదా. ఆ తర్వాత నుంచి రబ్బర్ డ్యామ్ కట్టకుండా కింది దవడ పన్నుకు తెల్లది పెట్టడం మానుకున్నాను.

రబ్బర్ డ్యామ్ అంటే భయపడేదేం లేదు. పలుచటి రబ్బరు షీటు, దానికి చిన్న చిల్లు, ఆ చిల్లులోంచి పని చేయాల్సిన పళ్లు మాత్రమే బయటికి వస్తాయి, మిగతా నోరంతా వెనక ఉండిపోతుంది. కొత్తదనుకునేరు, న్యూయార్క్ డెంటిస్ట్ శాన్‌ఫర్డ్ బార్నమ్ 1864లోనే వాడాడు. మీరు క్లినిక్‌కి ఫోన్ చేసి 'కాంపోజిట్ పెట్టేటప్పుడు రబ్బర్ డ్యామ్ వేస్తారా' అని ఒక్క ప్రశ్న అడగండి. వేస్తాం అంటే వెళ్లండి. అదేంటి అంటే ఇంకో చోటు చూడండి. వేయం గానీ అసిస్టెంట్ ఉంటుంది, సక్షన్ (ఉమ్మిని లాగేసే గొట్టం) పెట్టి దూదులు మారుస్తూ చేస్తాం అంటే అదీ తీసిపారేసే మాట కాదు, చాలామంది మంచి డాక్టర్లు అలా కూడా బాగా చేస్తారు. ఒక్కరే, సహాయకులు లేకుండా, పదిహేను నిమిషాల్లో అయిపోతుందమ్మా అనే చోట మాత్రం తెల్లది వద్దు.

మీ పుచ్చు పంటి నెత్తి మీద కాదు, పక్క గోడలో ఉంది. అందువల్ల ఇంకో చిక్కు ఉంది, మెతుకులు ఇరుక్కునే సమస్య తీరేదీ తీరనిదీ ఇక్కడే. పక్క గోడ పోయింది కాబట్టి దాన్ని మళ్లీ కట్టాలి. ఎదుటి పన్నును ఆనుకునేలా ఉబ్బెత్తుగా కట్టాలి. దానికి సందులో పలుచటి వంపు తిరిగిన రేకు పెడతాం, అడుగున చిన్న చెక్క ముక్క దూర్చి రేకును పన్నుకు బిగిస్తాం, పైన రింగు లాంటి స్ప్రింగ్ తగిలించి రెండు పళ్లనూ వెంట్రుకవాసి దూరం జరుపుతాం. రేకు తీశాక పళ్లు మళ్లీ దగ్గరికి వచ్చి బిగుసుకుంటాయి. సిల్వర్‌ని గట్టిగా దట్టిస్తే ఆ ఒత్తిడికే రేకు పక్క పన్ను వైపు జరుగుతుంది. కాంపోజిట్ వెన్నలాంటిది, దానికి తొయ్యడం రాదు. అందుకే ఈ రింగు వాడని చోట తెల్ల ఫిల్లింగ్ వేయించుకున్నాక 'ముందుకంటే ఎక్కువ ఇరుక్కుంటోంది డాక్టర్' అనే మాట తరచు వింటాం. మీరు కుర్చీలోంచి లేవకముందే డెంటల్ ఫ్లాస్ దారం ఆ సందులో దించి చూపించమనండి. కొంచెం బిగువుగా ఆగి టక్కుమని దిగాలి. సాఫీగా జారిపోతే సందు వదులుగా ఉన్నట్టు, పీచు పీచుగా తెగితే అంచు గరుకుగా ఉన్నట్టు. రెండూ అప్పుడే సరిచేయించుకోవాల్సినవి. ఇంట్లో ఇరుక్కున్నప్పుడు పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టకండి. ఫ్లాస్ మెడికల్ షాపులో దొరుకుతుంది, కొన్ని రోజులు విసుగ్గా ఉంటుంది, తర్వాత చెయ్యి తిరుగుతుంది.

ఆరు నెలలుగా అక్కడ అన్నం నిలుస్తోంది కాబట్టి ఆ సందులో చిగురు వాచి, ముట్టుకుంటే రక్తం వచ్చే స్థితిలో ఉంటుంది. రక్తమూ తడే, ఇంకా మొండి తడి. అందుకని ముందు పళ్లు క్లీనింగ్ చేయించుకుని, రెండు వారాలు రోజూ ఫ్లాస్‌తో ఆ సందు శుభ్రం చేసుకుని, చిగురు గట్టిపడ్డాక ఫిల్లింగ్‌కి వెళ్లండి. పుచ్చు లోతుగా, చిగురు కిందికి దిగి ఉంటే అక్కడ పింగాణి పొర ఉండదు, కాంపోజిట్ పట్టు బలహీనంగా ఉంటుంది. అలాంటప్పుడు కొందరు డాక్టర్లు అడుగున గ్లాస్ అయనోమర్ వేసి పైన కాంపోజిట్ వేస్తారు. అది మంచి పద్ధతే.

అన్నట్టు, తెల్లగా ఉన్నదల్లా కాంపోజిట్ కాదు. ఈ గ్లాస్ అయనోమర్ కూడా తెల్లగానే ఉంటుంది, ఇది నిజంగానే సిమెంట్, కొంచెం తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది, పాల పళ్లకూ చిగురు దగ్గరి అరుగుడుకూ బాగుంటుంది. మీలా రెండు పళ్ల సందున, నమిలే గోడకు దాన్ని ఒక్కదాన్నే పెడితే అరిగిపోతుంది, విరుగుతుంది. 'తెల్లది' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా కాంపోజిటా, గ్లాస్ అయనోమరా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

ఇక ముద్ద పెట్టడం. నీలం లైట్ పడ్డాక గట్టిపడేటప్పుడు కాంపోజిట్ కొంచెం కుంచించుకుపోతుంది, నూటికి రెండు మూడు పాళ్లు. ఒకేసారి గుంట నిండా కూరి లైట్ వేస్తే రెండు నష్టాలు. కుంచించుకుంటూ పంటి గోడల్ని లోపలికి లాగుతుంది, లేదా అడుగు నుంచి ఊడి సన్నటి సందు వదులుతుంది. పైగా లైట్ అడుగుదాకా చేరదు, పైన రాయిలా ఉన్నా లోపల పచ్చిగా ఉండిపోతుంది, సరిగ్గా కాలని ఇటుకలాగా. అందుకే రెండు మిల్లీమీటర్ల పొరలు పొరలుగా పెట్టి, పొర పొరకూ మామూలుగా ఇరవై సెకన్లు లైట్ వేస్తారు. బల్క్‌ఫిల్ అని నాలుగు మిల్లీమీటర్ల దాకా ఒకేసారి పెట్టగలిగే రకాలు కూడా వచ్చాయి, అవీ మంచివే. డాక్టర్ లైటు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం చేస్తుంటే విసుక్కోకండి. ఆ బీప్ శబ్దాలు ఎన్ని ఎక్కువ వినిపిస్తే అంత మంచిదనుకోండి. మీరడిగిన 1800లో ఆ ముద్ద ఖర్చు కొంతే, మిగతాది ఈ ముప్పావుగంట కోసం. ఆ సమయం ఇవ్వకుండా 1800 తీసుకుంటే మాత్రం అది ఉత్త రంగుకు పెట్టిన డబ్బే.

మీరు ఉత్తరంలో మాటవరసకి అన్నట్టు చెప్పి వదిలేసిన లవంగ నూనె సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. లవంగ నూనెలో ఉండే యూజినాల్ నొప్పిని మందగింపజేస్తుంది, నిజమే, మేం వేసే తాత్కాలిక ఫిల్లింగుల్లో ఆ లవంగం వాసన దాందే. కానీ అది కాంపోజిట్‌ని గట్టిపడనివ్వదు. గుంటలో మిగిలి ఉంటే అడుగు పొర మెత్తగా ఉండిపోవచ్చు. తెలిస్తే డాక్టర్ గుంటను శుభ్రంగా తీసి కడుగుతారు, ఇబ్బంది ఉండదు. అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాక మాత్రం నూనె ఆపేయండి.

గోధుమ రంగు చారల గురించి కూడా రాయడం మంచిదైంది. అవి ఫ్లోరోసిస్ గుర్తులు కావచ్చు, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట వైద్య పత్రికలకెక్కింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. తర్వాత నల్గొండ పేరు దానికి ఎంతగా అతుక్కుపోయిందంటే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి గానీ, శాశ్వత పళ్ల పింగాణి దాదాపు ఎనిమిదేళ్ల లోపే తయారైపోతుంది, ఆ వయసులో తాగిన నీళ్ల గుర్తు జీవితాంతం ఉంటుంది. మన సంగతికి దీని లింకేమిటంటే, ఫ్లోరోసిస్ ఉన్న పంటి పైపొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. మామూలు పంటికి రాసినంతసేపే రాస్తే సరిగ్గా గరుకు కాదు. గట్టి మచ్చలున్న పంటికి ఆమ్లం కొంచెం ఎక్కువసేపు ఉంచాలి, లేదా అంచు దగ్గర పైపొరను సన్నగా గీయాలి. నల్గొండలో ప్రాక్టీస్ చేసే డాక్టర్‌కి ఇది మీరు చెప్పక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉంటారు. హైదరాబాద్‌లో చేయించుకుంటే ఒక మాట గుర్తుచేయండి. నన్నడిగితే ఈ కారణంగా మీ జిల్లా డాక్టరే మీకు నయం, రబ్బర్ డ్యామ్ వేసేవారైతే.

పాత సిల్వర్ ఫిల్లింగులు తీయించొద్దు. వాటి బరువులో సుమారు సగం పాదరసమే, అది నిజం, కానీ వెండి, తగరం లాంటి లోహాలతో కలిసి గట్టిపడిపోయి ఉంటుంది. నమిలేటప్పుడు చాలా కొద్దిగా ఆవిరి వస్తుంది. డ్రిల్లు పెట్టి తీసేటప్పుడు వచ్చేదే ఎక్కువ. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 2020లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్లలోపు పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు లాంటి వారికి కొత్తగా సిల్వర్ పెట్టకుండా ఉంటే మంచిదని చెప్పింది, అదే ప్రకటనలో బాగున్న పాతవాటిని వైద్యపరమైన అవసరం లేకుండా తీయొద్దని కూడా చెప్పింది. మొదటి సగం అందరూ వాట్సాప్‌లో పంపుతారు, రెండో సగం ఎవరూ పంపరు. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి సిల్వర్ వాడకం దాదాపుగా ఆపేసింది. పాదరసాన్ని తగ్గించడానికి దేశాలన్నీ కలిసి చేసుకున్న మినమాటా ఒప్పందంలో మన దేశం కూడా ఉంది. జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి చేరి వేలమంది జబ్బుపడ్డారు, ఆ పేరే పెట్టారు. ఈ నిర్ణయాల వెనక ముఖ్యమైన భయం నీళ్లలో, నేలలో చేరే పాదరసం గురించి. మీ కుడి దవడ గురించి కాదు. ఆ రెండింటి అంచులు విరగకుండా, కింద పుచ్చు లేకుండా ఉంటే పదిహేనేళ్లు మోసినవి ఇంకో పదేళ్లు మోస్తాయి. మంచి ఫిల్లింగ్ తీసిన ప్రతిసారీ దాంతోపాటు కొంచెం పన్ను కూడా పోతుంది. ఎక్స్‌రేలో ఏమైనా కనిపించిందా అని అడగండి, కనిపిస్తే చూపించమనండి. లేదంటే వద్దనండి, మొహమాటం లేకుండా.

డబ్బు ఇబ్బంది అయితే హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు డెంటల్ కాలేజీలూ ఉన్నాయి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైము బాగా పడుతుంది, ఒక పూట పోయిందనుకోండి. కానీ చెప్పాను కదా, ఈ పనికి కావాల్సింది టైమే.

ఫిల్లింగ్ రోజు ఏం తినాలని చాలామంది అడుగుతారు. తెల్లది లైట్ పడగానే గట్టిపడిపోతుంది, రోజంతా ఆ పక్క నమలకుండా ఉండాల్సిన పని లేదు, అది సిల్వర్ నాటి జాగ్రత్త. మత్తు దిగేదాకా మాత్రం ఆగండి, రెండు మూడు గంటలు, లేకపోతే తెలియకుండా బుగ్గ కొరుక్కుంటారు. పకోడీ, సకినాలు తినొచ్చు. మటన్ బొక్క కొరకడం, వక్క నమలడం మాత్రం ఆ ఫిల్లింగ్‌కే కాదు, ఏ పన్నుకూ మంచిది కాదు.

మత్తు దిగాక ఇంకొక పరీక్ష మీరే చేసుకోండి. రెండు వైపులా పళ్లు కలిపి కొరకండి. ఫిల్లింగ్ పెట్టిన వైపు ముందుగా తగులుతున్నట్టనిపిస్తే మర్నాడే ఫోన్ చేయండి. కుర్చీలో ఉన్నప్పుడు రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తాం గానీ మొద్దుబారిన దవడతో మనిషి సరిగ్గా కొరకలేడు, అందుకే ఒక్కోసారి రవ్వంత ఎత్తు మిగిలిపోతుంది. సరిచేయడం ఐదు నిమిషాల పని, డబ్బు తీసుకునే పని కూడా కాదు.

మీ చెల్లెలి విషయం దగ్గరికి వస్తే ఈ ఎత్తే మొదటి అనుమానం. 'అలవాటైపోతుందిలే' అని ఎవరో చెప్పి ఉంటారు. వెంట్రుకంత ఎత్తు ఉన్నా రోజుకు వందలసార్లు దాని మీదే దెబ్బ పడుతుంది, పన్ను చుట్టూ ఉన్న నారలు నలిగి నమలనివ్వవు. రెండో అనుమానం నేను పైన చెప్పిన సందు, కుంచించుకుపోయి అడుగున వదిలిన ఖాళీ. అలా ఉంటే నమిలినప్పుడల్లా ఆ ఖాళీలో తడి కదిలి జివ్వుమంటుంది, చల్లదానికి పెద్దగా అనిపించకపోవచ్చు. దానికి మందులు పనిచేయవు, తీసి మళ్లీ పెట్టాల్సిందే. మూడోది, పన్ను ముందే చిట్లి ఉండటం. కొరికినప్పటికంటే వదిలేటప్పుడు చురుక్కుమంటే చీలికను అనుమానించాలి, దానికి క్యాప్ అవసరం కావచ్చు. కొత్త ఫిల్లింగ్‌కి చల్లటివి ఓ రెండు మూడు వారాలు జివ్వుమనడం, రోజురోజుకీ తగ్గుతుండటం మామూలే. నెల దాటాక నమలలేకపోవడం మామూలు కాదు. ఆమెను ఒకటే అడగండి, రాత్రుళ్లు దానంతట అది నొప్పి లేస్తోందా, వేడికి పోటు వచ్చి చాలాసేపు ఉంటోందా అని. అవునంటే నరం దెబ్బతింటున్నట్టు, రూట్ కెనాల్ తప్పకపోవచ్చు. కాదంటే పెట్టిన డాక్టర్ దగ్గరికే ముందు వెళ్లమనండి, గొడవకు కాదు, రంగు కాగితం కొరికించి చూడమని అడగడానికి. మీ పన్ను చిగురు క్లీనింగ్ అయ్యేదాకా రెండు వారాలు ఆగుతుంది, ఆమెను మాత్రం ఈ వారమే పంపండి.